ఇసామియా బజారులో ఒక బడి

ప్రతి సంవత్సరం మన బడి వార్షికోత్సవ సంచికలో ఒక తెలుగు పెద్దమనిషి జీవితం రాయడం మాకు అలవాటు. పోతన, వీరేశలింగం, గిడుగు, దుర్గాబాయమ్మ, ఇలా ఒక్కో ఏడు ఒక్కొక్కరు. ఈసారి ఎవరి గురించి రాయాలని టీచర్లందరం ఒక శనివారం క్లాసులయ్యాక కూర్చున్నప్పుడు భాగ్యరెడ్డి వర్మ గారి పేరు వచ్చింది. పై తరగతి పిల్లలు అక్కడే ఉన్నారు. వాళ్ళలో ఏడో గ్రేడు చదివే ఒకమ్మాయి, రెడ్డి, వర్మ రెండూ ఒకే మనిషికి ఎలా ఉంటాయని అడిగింది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ తల్లిదండ్రులు కొందరు నవ్వారు. మేమూ నవ్వాం గానీ, ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ ప్రశ్న మా వెంటే వచ్చింది. అందుకని ఆ పేరు దగ్గరే మొదలుపెడతాం.

ఆయనకు పుట్టినప్పుడు పెట్టిన పేరు మాదరి భాగయ్య. 1888 మే 22న, నిజాం ప్రభువుల ఏలుబడిలో ఉన్న హైదరాబాదులో పుట్టారు. తండ్రి వెంకయ్య, తల్లి రంగమాంబ. మాల కులం. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు ఈ మాట బరువు తెలియదు కాబట్టి కొంచెం విడమర్చి చెప్పాలి. ఆ రోజుల్లో మాల, మాదిగ కులాలవాళ్ళను ఊళ్ళో మిగతావాళ్ళు ముట్టుకునేవారు కారు. ఊరి బావిలో నీళ్ళు తోడుకోనిచ్చేవారు కారు. గుడి లోపలికి రానిచ్చేవారు కారు. ఇళ్ళు ఊరికి అవతల. పిల్లలు బడికి వెళ్తే చాలాచోట్ల చేర్చుకునేవారే కారు, చేర్చుకున్న చోట వసారాలో, దూరంగా, విడిగా కూర్చోవాలి. వాళ్ళకు కొన్ని పనులే రాసిపెట్టి ఉండేవి. వాటిలో చాలాభాగం కూలి లేని వెట్టి.

అలాంటి కుటుంబానికి శైవుడైన ఒక గురువు ఉండేవాడు. ఈ నేల మీద మొదట ఉన్నది మీరే, ఏలినది మీరే, తర్వాత వచ్చినవాళ్ళు మిమ్మల్ని కిందకు తోశారు అన్నది ఆయన చెప్పిన మాటల సారాంశం. రేడు అంటే రాజు. ఆ రేడులోంచే రెడ్డి వచ్చిందని చెప్పి, భాగయ్యను భాగ్యరెడ్డి అని పిలవమన్నాడు. వర్మ అన్నది ఆర్యసమాజం వారు 1913లో ఆయన సేవను మెచ్చి ఇచ్చిన బిరుదు. అంటే రెండూ ఇంటిపేర్లు కావు. పేరు వినగానే ఈయన ఎవరివాళ్ళో తేల్చేసుకునే అలవాటు మన పెద్దవాళ్ళకు ఉందే, సముద్రాలు దాటినా పోని ఆ అలవాటుకు ఈ పేరు దొరకదు. గుమ్మంలో నవ్విన వాళ్ళలో కొందరు ఏమనుకుని నవ్వారో మాకు తెలుసు. మేమూ అదే అనుకున్నవాళ్ళమే, చాలా ఏళ్ళ కిందట.

ఇక చదువు సంగతి. ఆ కాలపు హైదరాబాదు రాజ్యంలో తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే జిల్లాలన్నీ కలిసి ఉండేవి. జనాభాలో దాదాపు సగం తెలుగువాళ్ళు. కానీ సర్కారు భాష ఉర్దూ. సర్కారు బడుల్లో పై చదువులూ ఉర్దూలోనే. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా బోధన ఉర్దూలోనే సాగింది. ఒక భారతీయ భాషలో వైద్యం, ఇంజనీరింగు దాకా చెప్పడం నిజంగా గొప్ప సాహసమే, కాదనం. కాకపోతే ఇంట్లో తెలుగు తప్ప మరొకటి వినని పిల్లవాడికి అది మొదటిరోజు నుంచే ఎక్కలేని మెట్టు. తెలుగు పుస్తకాలు చదువుకోవడానికి ఒక చోటు ఉండాలని పెద్దలు కొందరు 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపించడమే అప్పట్లో ఒక పెద్ద సంగతి. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలోనివాళ్ళు గోల చేసి ఆయన్ను మాట్లాడనివ్వలేదు. ఆయన వకీలు, చదువుకున్నవాడు, పై కులంవాడు. ఆయన పరిస్థితే అది అయితే చాదర్‌ఘాటు గుడిసెల్లో మాల పిల్లవాడి సంగతి ఊహించుకోండి. భాష ఒక గోడ, కులం ఇంకో గోడ. రాజ్యం మొత్తం మీద చదవడం, రాయడం వచ్చినవాళ్ళు నూటికి పదిమంది కూడా లేని కాలం. అందులో ఈ పిల్లల వాటా దాదాపు సున్న.

భాగ్యరెడ్డి గారు పెద్ద చదువులు చదవలేదు. కుర్రతనంలో సికింద్రాబాదులో దోసాంటోస్ అనే బారిస్టరు గారి ఇంట్లో పనికి కుదిరారు. ఆ ఇంట్లో పుస్తకాలు, పత్రికలు ఉండేవి, లోకం సంగతులు మాట్లాడుకునే మనుషులు వచ్చిపోయేవారు. లోకంలో మనుషులందరూ ఇలా బతకడం లేదన్న సంగతి ఆయనకు అక్కడే తెలిసివచ్చి ఉంటుందని మా ఊహ.

1906లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఆయన జగన్మిత్ర మండలి అని ఒక సంఘం పెట్టారు. పద్దెనిమిదేళ్ళంటే మన దగ్గర హైస్కూలు పూర్తిచేసే వయసు. సంఘం పెట్టి ఏం చేశారంటే, హరికథలు చెప్పించారు. అక్షరం రాని జనానికి కరపత్రం ఇచ్చి లాభం లేదు కదా. చిడతలు, పాట, కథ. రోజంతా కష్టపడి వచ్చి రాత్రిపూట కూర్చునే జనం భక్తి కథ వినడానికి వచ్చేవారు. కథ మధ్యలో పిల్లల్ని బడికి పంపమని, తాగుడు మానమని, పసిపిల్లలకు పెళ్ళిళ్ళు చేయవద్దని, ఆడపిల్లల్ని దేవుడి పేరుతో జోగినులుగా వదలవద్దని చెప్పించేవారు. 1911లో సంఘం పేరు మాన్య సంఘంగా మారింది. ఉపన్యాసాలు, కరపత్రాలు, పుస్తకాలు ఎక్కువయ్యాయి. 1906 నుంచి 1933 దాకా ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు 3,348 అని లెక్క ఉంది. మేం కంప్యూటర్ల ముందు బతికేవాళ్ళం కాబట్టి లెక్క చూడకుండా ఉండలేకపోయాం. సగటున మూడు రోజులకు ఒకటి, ఇరవై ఏడేళ్ళ పాటు. మైకు లేదు, కారు లేదు. మేం నెలకొకసారి తల్లిదండ్రుల సమావేశం పెట్టడానికే ఆపసోపాలు పడతాం.

కానీ ఉపన్యాసాలు విన్న తండ్రి తన కొడుకును బడికి పంపుదామనుకుంటే, పంపడానికి బడి ఏది? అక్కడికే వచ్చి ఆగింది వ్యవహారం. 1910లో ఇసామియా బజారులో ఆయన మొదటి బడి తెరిచారు. హైదరాబాదు తెలిసినవాళ్ళకు ఈ చోటు చెప్పడం తేలిక. కోఠీ నుంచి చాదర్‌ఘాటు వైపు వస్తే, మూసీకి దగ్గర్లోనే. అప్పటికి రెండేళ్ళ కిందట, 1908 సెప్టెంబరులో, మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేలమంది పోయారు. ఏటిగట్టున గుడిసెల్లో ఉండే బీదవాళ్ళ గతి ఏమై ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ చుట్టుపక్కల జనమే ఈ బడి పిల్లల తల్లిదండ్రులు.

బడి అంటే మన పిల్లల కళ్ళముందు పసుపుపచ్చ బస్సులు, జిమ్ము, లైబ్రరీ మెదులుతాయి. అలా అనుకోవద్దు. ఒక కొట్టం, ఒక పంతులు, పలకలు, బలపాలు. అందరికంటే ముఖ్యంగా, కూలికో కాపలాకో పోవలసిన పిల్లవాణ్ణి ఒక పూట వదిలిపెట్టడానికి ఒప్పుకునే తల్లి. ఆ పిల్లవాడు తెచ్చే అణా పైసా ఇంట్లో లెక్కలోకి వచ్చేది. కాబట్టి ప్రతి పిల్లవాడి వెనకా ఒక ఇంటితో బతిమాలుకోవడం ఉంటుంది. పంతుళ్ళు దొరకడం ఇంకో తలనొప్పి. చదువుకున్నవాళ్ళు చాలావరకు పై కులాలవాళ్ళు. వాళ్ళలో ఈ వాడకు వచ్చి ఈ పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించేవాడు ఎవరు? అయినా బడి నిలబడింది. లింగంపల్లిలో ఇంకొకటి వచ్చింది. ఆ పక్కన మరొకటి.

ఈ బడుల్లో బోధన తెలుగులో. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. సర్కారు ఉద్యోగం కావాలంటే ఉర్దూ రావాలి. తల్లిదండ్రులు అడిగితే అడ్డు చెప్పలేని ప్రశ్న అది, తెలుగు నేర్చుకుంటే అన్నం పెడుతుందా అని. మన శనివారం బడి మానిపించే ప్రతి తండ్రీ కొంచెం అటూ ఇటూగా మమ్మల్ని అడిగేదీ అదే. భాగ్యరెడ్డి గారి పద్ధతి ఏమిటంటే, ముందు పిల్లవాడికి తాను మాట్లాడే మాట పలక మీద కనపడాలి. చదువంటే భయం పోవాలి. మిగతా భాషలు ఆ తర్వాత వస్తాయి. పసిపిల్లల చదువు గురించి ఈనాటి నిపుణులు చెప్పేది కూడా ఇందుకు దూరం కాదు.

1912లో ఆయన స్వస్తిక్ దళం పేరుతో స్వచ్ఛంద సేవకులను కూడగట్టారు. స్వస్తిక్ అనగానే ఇక్కడి పిల్లలు ఉలిక్కిపడతారు. అది మన ఇళ్ళ గడపల మీద వేసే గుర్తు, జర్మనీలో దాన్ని ఎత్తుకుపోయి పాడుచేసింది తర్వాత. ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా లాంటి రోగాలు నగరం మీద పడ్డప్పుడు ఇలాంటి సేవకులే దిక్కు.

1912 అని రాయగానే మేం ఒక్క నిమిషం ఆగవలసి వచ్చింది. ఎందుకంటే మనం ఉంటున్న ఈ కమ్మింగ్ ఊరికి, ఈ ఫోర్సైత్ కౌంటీకి కూడా ఆ ఏడాది ఒక గుర్తు ఉంది. ఆ సంవత్సరం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, ఒక నేరం సాకుగా, ఇక్కడ కాపురం ఉంటున్న నల్లజాతి వారిని, వెయ్యిమందికి పైగా, గుంపులు కట్టి బెదిరించి కౌంటీ నుంచి తరిమేశారు. వాళ్ళ చర్చీలు తగలబడ్డాయి, భూములు పోయాయి. ఆ తర్వాత దాదాపు మూడు తరాలపాటు ఇది తెల్లవారి కౌంటీగానే మిగిలింది. 1987 జనవరి 17న హోసియా విలియమ్స్ గారి వెంట ఇక్కడ నడవడానికి వచ్చిన చిన్న గుంపు మీద రాళ్ళు పడ్డాయి. వారం తర్వాత, జనవరి 24న, దాదాపు ఇరవై వేలమంది వచ్చి నడిచారు. మనలో చాలామంది ఇక్కడ ఇల్లు కొనేముందు స్కూళ్ళ రేటింగు చూశాం, కమ్యూట్ చూశాం, ఇండియన్ గ్రోసరీ ఎంత దూరమో చూశాం. ఇది చూడలేదు. పిల్లలకు చెప్పాలో వద్దో అని మాలో మాకు చర్చ జరిగింది. చెప్పాలనే అనుకున్నాం. హైదరాబాదులో మన పెద్దలు చేసినది మాత్రమే చెప్పి ఇక్కడి సంగతి దాచిపెట్టినా, ఇక్కడిది చెప్పి అక్కడిది దాచిపెట్టినా సరికాదు కదా.

మళ్ళీ మన కథలోకి వద్దాం. 1917 నవంబరులో భాగ్యరెడ్డి గారు హైదరాబాదు రాజ్యం దాటి బెజవాడ వెళ్ళారు. అది అప్పుడు ఇంగ్లీషువారి మద్రాసు రాష్ట్రంలో ఉండేది, పాలన వేరు, చట్టాలు వేరు. అక్కడ అంటరాని కులాలవారి కోసం ఆంధ్ర పంచమ మహాజన సభ పేరుతో మొట్టమొదటి పెద్ద సభ తలపెట్టారు. హరిజన సేవలో ముందున్న గూడూరు రామచంద్రరావు గారు దాని వెనక ఉన్నారు. అధ్యక్షుడిగా భాగ్యరెడ్డి గారిని పిలిచారు. నవంబరు 4 నుంచి 6 దాకా మూడు రోజులు సభ. ఇంతమంది ఒక్కసారిగా ఊళ్ళోకి వస్తే ఎక్కడ కొండెక్కి గుళ్ళోకి వచ్చేస్తారోనని ఆ రోజుల్లో కనకదుర్గమ్మ గుడి తలుపులు మూసేశారు. మనం ఎప్పుడు బెజవాడ వెళ్ళినా ముందు వెళ్ళేది ఆ గుడికే. వీళ్ళు గుడికి వస్తామని అననేలేదు. సభకు వచ్చారు, అంతే.

సభలో జరిగిన మొదటి ముఖ్యమైన పని సభ పేరు మార్చడం. పంచములు అంటే అయిదోవాళ్ళు, నాలుగు వర్ణాలకూ బయటివాళ్ళు. ఆ మాట తమకు ఒప్పుదల కాదని అధ్యక్షుడు తేల్చిచెప్పారు. ఈ నేలకు ఆదినుంచి ఉన్నవాళ్ళం కాబట్టి ఆది ఆంధ్రులం అన్నారు. ఆ సభ పేరు అలా ఆది ఆంధ్ర సభ అయింది. ఆ తర్వాత ఏటా ఒక్కో ఊళ్ళో ఆది ఆంధ్ర సభలు జరిగాయి. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా పంచమ అన్న మాట తీసేసి, తెలుగువారి విషయంలో ఆది ఆంధ్ర అన్న పేరు కాగితాల్లోకి ఎక్కించింది. అయిదేళ్ళు పట్టింది, కానీ సర్కారు తన రిజిస్టరు దిద్దుకుంది. పేరులో ఏముందని కొందరు అంటారు. బడి రిజిస్టరులో పేరు పక్కన రోజూ ఒక తిట్టు రాసి ఉంటే పిల్లవాడు ఏ మొహంతో జవాబు పలుకుతాడు?

ఆ సభ తీర్మానాల్లో బడులు, బావులు, స్థానిక బోర్డుల్లోనూ మునిసిపాలిటీల్లోనూ తమవాళ్ళకు చోటు అన్నవి ప్రధానంగా ఉన్నాయి. ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడినవని వాళ్ళకు బాగా తెలుసు. బడికి డబ్బు ఎక్కడ ఇవ్వాలో తేల్చేది బోర్డు. ఆ బోర్డులో మనవాడు లేకపోతే బడి కాగితం మీదే ఉంటుంది. మన కౌంటీలో స్కూల్ బోర్డు సమావేశాలు నెలనెలా జరుగుతాయి, ఎవరైనా వెళ్ళవచ్చు. మాలో ఎంతమంది వెళ్ళారని లెక్కపెట్టుకుంటే ఒక చేతి వేళ్ళు చాలా ఎక్కువయ్యాయి.

హైదరాబాదుకు తిరిగి వచ్చాక పని ఇంకా పెరిగింది. 1920 దశకం మొదట్లో మాన్య సంఘం ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్‌గా మారింది. దానికి అధ్యక్షులు హైకోర్టు న్యాయమూర్తిగా చేసిన రాయ్ బాలముకుంద్ గారు, కార్యదర్శి భాగ్యరెడ్డి గారు. వామన్ నాయక్ గారి వంటి పలుకుబడి ఉన్నవాళ్ళు తోడున్నారు. ఇందులో ఆయన నేర్పు కనిపిస్తుంది. దర్బారులో తలుపు తట్టాలంటే తలుపు తెరిపించగలిగే మనిషి పక్కన ఉండాలి. కానీ అర్జీ రాసేది, బడి నడిపేది, వాడలో తిరిగేది తామే. ఎవరి దయకో వదిలేయలేదు. తమలో తమకు వచ్చే తగాదాలు తీర్చుకోవడానికి పంచాయతీ కూడా పెట్టుకున్నారు, కోర్టుల చుట్టూ తిరిగి అప్పులపాలు కాకుండా.

ఆ రోజులు బడులకు మంచి రోజులు కావు. 1920 దశకంలో నిజాం ప్రభుత్వం ప్రైవేటు బడులకు ముందస్తు అనుమతి కావాలని నిబంధన పెట్టింది. ఖాంగీ బడుల నిబంధన అంటారు దాన్ని. రాజ్యంలో ఎన్నో బడులు మూతపడ్డాయి. 1928లో మాడపాటి హనుమంతరావు గారు హైదరాబాదులో తెలుగు బాలికల పాఠశాల పెట్టినప్పుడు, తెలుగులో బోధన నిలుపుకోవడానికి ఎక్కడో పూనాలో ఉన్న కర్వే గారి మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం పెట్టుకోవలసి వచ్చింది. పేరుప్రతిష్ఠలున్న పెద్దలకే అంత పాట్లు. భాగ్యరెడ్డి గారి బడులు మాత్రం పెరుగుతూ వచ్చాయి.

1930లో మెదక్ జిల్లా జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగు భాషకు, తెలుగువారికి హక్కులు అడిగే సభ. అక్కడ భాగ్యరెడ్డి గారు అంటరానితనం గురించి మాట్లాడటానికి లేస్తే సనాతనులు కొందరు అభ్యంతరం చెప్పారు, కొందరు లేచి వెళ్ళిపోయారు. తొమ్మిదేళ్ళ కిందట తెలుగులో మాట్లాడినందుకు తెలుగువాణ్ణి అవమానించారని పుట్టిన ఉద్యమం అది. ఇంకొక తెలుగువాడు తెలుగులోనే మాట్లాడబోతే జరిగింది ఇది. అయినా ఆయన మాట్లాడే వచ్చారు. మేం ఈ సంచికలో తెలుగు భాష గురించి ఎన్నో గొప్పలు రాసుకుంటాం. ఈ సంగతి కూడా రాయడం మా బాధ్యత అనిపించింది.

1931లో మూడు పనులు ముందుకు సాగాయి. ఆ ఏటి జనాభా లెక్కల్లో తమను ఆది హిందువులుగా రాయాలన్న కోరికకు నిజాం ప్రభుత్వం ఒప్పుకుంది. ఆయన భాగ్యనగర్ అనే పత్రిక మొదలుపెట్టారు. దాంట్లో వెట్టి మాదిగ అన్న కథ స్వయంగా రాశారు. హరికథతో మొదలైన మనిషి పాతికేళ్ళకు అచ్చు పత్రికకు చేరుకున్నారు. ఆ పత్రికను చదవగలిగిన వాళ్ళలో ఆయన బడుల్లో పలక పట్టిన పిల్లలూ ఉండి ఉంటారు. రౌండ్ టేబుల్ సమావేశాల కాలంలో డాక్టర్ అంబేద్కర్ గారి ప్రాతినిధ్యాన్ని ఆయన గట్టిగా సమర్థించారు. ఆ చరిత్ర పెద్దది, ఇక్కడ చోటు చాలదు.

ఈ కథలో మాకు అన్నింటికంటే పెద్దదిగా కనిపించేది తర్వాత జరిగినది. ఒక్క బడి పెరిగి పెరిగి సుమారు 25 బడులయ్యాయి. రెండు వేలకు పైగా పిల్లలు. 1934లో నిజాం ప్రభుత్వం ఆ బడులను తన చేతుల్లోకి తీసుకుంది. అంటే పంతుళ్ళ జీతాలు, అద్దెలు, పుస్తకాలు ఇక సర్కారు ఖజానా నుంచి. చందాల పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే పని తప్పింది. ఇరవై నాలుగేళ్ళు ఆయన అడుగుతున్నది అదే. బీదపిల్లల చదువు ఎవరో దయతలచి చేసే దానం కాదు, పన్ను కట్టే ప్రతివాడికీ రాజ్యం తీర్చవలసిన బాకీ అని. మాల మాదిగలు పన్ను కట్టరా? వాళ్ళ చెమటతోనే కదా పొలాలు పండింది, శిస్తు వసూలయింది.

చిత్రమేమిటంటే దాదాపు ఆ సంవత్సరాల్లోనే మన ఈ జార్జియాలో ఇలాంటిదే నడిచింది. బుకర్ టి. వాషింగ్టన్ గారి ప్రేరణతో, సియర్స్ కంపెనీ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్ గారు 1912 నుంచి దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లలకు బడులు కట్టడానికి డబ్బు ఇచ్చారు. ఒక షరతు పెట్టారు. ఊరివాళ్ళు తమవంతు వేసుకోవాలి, కట్టాక బడిని స్థానిక స్కూల్ బోర్డు తన సొంతం చేసుకుని నడపాలి. పత్తి కూలీలు, కౌలు రైతులు పైసా పైసా కూడబెట్టారు, చెక్కా చేవా మోశారు. 1932 నాటికి పదిహేను రాష్ట్రాల్లో దాదాపు అయిదు వేల కట్టడాలు లేచాయి, జార్జియాలో రెండు వందలకు పైగా. మొత్తం లెక్క చూస్తే రోజెన్‌వాల్డ్ గారు ఇచ్చినదానికంటే ఆ కుటుంబాలు వేసుకున్న చందాలే కొంచెం ఎక్కువ. వాళ్ళు పన్నులు కట్టి, మళ్ళీ చందాలు కట్టి, రెండుసార్లు డబ్బు పెట్టి ఒక బడి తెచ్చుకున్నారు. మన కౌంటీలో మాత్రం 1912 తర్వాత అలాంటి బడికి వెళ్ళవలసిన పిల్లలే మిగల్లేదు.

భాగ్యరెడ్డి గారికి ఈ బడుల సంగతి తెలుసునని మేం అనడం లేదు. ఇక్కడి కూలీలకు ఇసామియా బజారు సంగతి అసలే తెలియదు. ఇద్దరూ ఒకే దారి కనుక్కున్నారు, అంతవరకే. ముందు మనమే మొదలుపెట్టి, పిల్లలు వస్తారని, చదువుతారని చూపించి, తర్వాత ఆ భారం మోయవలసినవాళ్ళ చేత మోయించడం.

ఆయనలో లోటుపాట్లు లేవని కాదు. మాల, మాదిగ కులాల మధ్య ఉన్న ఎడం ఆయన కాలంలో పోలేదు. మాదిగ పెద్దలు కొందరికి ఈ సంఘాల్లో తమకు తగిన చోటు లేదన్న బాధ ఉండేది. అరిగె రామస్వామి గారి వంటివారు వేరే సంస్థలు పెట్టుకున్నారు. బడి విషయంలో గోడలు కొట్టిన మనిషి ఈ గోడ దగ్గర ఆగిపోయారని ఆ తర్వాతి తరం అన్నది. అనడంలో న్యాయం ఉంది. మహనీయుల జీవితాలు రాసేటప్పుడు ఇలాంటివి వదిలేయడం మాకు అలవాటే, ఈసారి వదలలేదు.

1939 ఫిబ్రవరి 18న, యాభై ఒక్క ఏళ్ళు నిండకుండానే, ఆయన కన్నుమూశారు. కుమారుడు గౌతమ్ గారు తర్వాత ఆయన జీవిత చరిత్ర రాశారు. చాదర్‌ఘాటులో ఆయన కట్టించిన ఆది హిందూ భవన్ ఉంది. తెలంగాణ ప్రభుత్వం ఆయన జయంతిని అధికారికంగా జరుపుతోంది.

వేసవి సెలవుల్లో మనలో చాలామంది పిల్లల్ని తీసుకుని హైదరాబాదు వెళ్తాం. చార్మినార్ చూపిస్తాం, గోల్కొండ ఎక్కిస్తాం, కోఠీలో, సుల్తాన్ బజారులో బేరాలాడి సంచులు నింపుకుంటాం. ఈసారి కోఠీ వెళ్ళినప్పుడు సంచులు కారులో పడేసి, చాదర్‌ఘాటు వైపు ఆటో మాట్లాడుకోండి. పది నిమిషాల దారి కూడా కాదు. ఆది హిందూ భవన్ ఎక్కడని అడగండి. ముందు అడిగినవాళ్ళకు తెలియకపోతే పక్కవాణ్ణి అడగండి. ఆ ఏడో గ్రేడు అమ్మాయి జూన్‌లో వెళ్తోందట, ఫోటో తీసుకొచ్చి వచ్చే సంచికకు ఇస్తానని మాట ఇచ్చింది.